ఆట ఉచితం, ఆయుధం ఖరీదు

(భిలాయ్ సెక్టర్ 2లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "హింసాత్మక వీడియో గేమ్‌లను పిల్లలకు అమ్మడం నిషేధించాలా?" అని. నా జవాబు ముందే చెప్పేస్తాను. నిషేధించాలి. అయితే ఆ నిషేధం ఆడే పిల్లవాడి మీద కాకుండా డబ్బు తీసుకునేవాడి మీద పడాలి. ఈ మాట మన బ్యాంకు వాళ్లకు అర్థమైనంత త్వరగా వేరేవాళ్లకు అర్థం కాదని నా నమ్మకం. ఎందుకంటే ఆ అమ్మకం ఇప్పుడు జరుగుతున్నది మన ఖాతాల్లోనే.

ముందు హింస సంగతి చూద్దాం. నా చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ ఉండేది. అందులో కాంట్రా అని ఒక ఆట. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కాల్చుకుంటూ పోవడమే అందులో పని. వేసవి సెలవుల్లో మా అన్నదమ్ములం కలిసి ఎన్ని వేలమందిని కాల్చామో లెక్కలేదు. తర్వాత నేను ఎంబీఏ చేసి బ్యాంకులో చేరాను, మా తమ్ముడు లెక్కల మాస్టారయ్యాడు. కాబట్టి తుపాకీ ఆట ఆడిన ప్రతి పిల్లవాడూ రేపు తుపాకీ పడతాడంటే నేను ఒప్పుకోను.

శాస్త్రవేత్తలూ అంత దూరం వెళ్లడం లేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2015లో, మళ్లీ 2020లో ఈ విషయం పరిశీలించింది. ఇలాంటి ఆటలకూ, అరవడం, తోయడం లాంటి దుడుకుతనానికీ చిన్నపాటి సంబంధం ఉందనీ, నేరాలకూ హత్యలకూ ఈ ఆటలే కారణమనడానికి ఆధారాలు చాలవనీ చెప్పింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు సుమారు వెయ్యిమంది బ్రిటిష్ పిల్లల్ని, పద్నాలుగు పదిహేనేళ్ల వాళ్లను పరిశీలిస్తే ఆ చిన్న సంబంధం కూడా కనబడలేదు. నిషేధం కావాలనేవాళ్లు "ఆట ఆడితే హంతకుడవుతాడు" అన్న వాదన ఎత్తుకున్నారంటే మొదటి ప్రశ్నకే ఓడిపోతారు.

కాలిఫోర్నియా అలాగే ఓడిపోయింది. హింసాత్మక ఆటలను 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మితే వెయ్యి డాలర్ల వరకు జరిమానా అని ఆ రాష్ట్రం 2005లో చట్టం చేసింది. 2011 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఏడుగురు ఇద్దరు తేడాతో కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, పిల్లలకు మనం చెప్పే కథల్లో హింస లేదా అని అడిగారు. సిండ్రెల్లా కథ చివర్లో పావురాలు సవతి అక్కల కళ్లు పొడుస్తాయి కదా అన్నారు. ఆయనకు మన కథలు తెలిసుంటే ఇంకా చెప్పేవారు. నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని ఏం చేశాడో, భీముడు దుశ్శాసనుణ్ణి ఏం చేశాడో వినకుండా పెరిగిన తెలుగు పిల్లవాడు ఉన్నాడా?

నాకు ఆ పోలిక సగమే నచ్చుతుంది. మా తాతయ్య కురుక్షేత్రం చెబుతూ మధ్యలో ఆపి, "ఒరే, భీముడి గదకు ఇంకాస్త బలం కావాలంటే ఎనభై రూపాయలు కట్టు, లేకపోతే దుర్యోధనుడు గెలుస్తాడు" అని నన్ను ఎప్పుడూ అడగలేదు.

ఇక్కడి నుంచే నా అసలు విషయం మొదలవుతుంది.

అమ్మకం అనగానే మన కళ్ల ముందు మెదిలేది సీడీల దుకాణం. పిల్లవాడు వస్తాడు, యజమాని వాడి మొహం చూస్తాడు, ఇవ్వాలా వద్దా అనుకుంటాడు. ఆ దుకాణం ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఆట ఉచితం. ఎంబీఏలో మార్కెటింగ్ మాస్టారు మాకు చెప్పిన తొలి పాఠాల్లో ఒకటి గుర్తొస్తుంది: రేజరు చవగ్గా ఇవ్వు, బ్లేడు మీద సంపాదించు. ఇక్కడ రేజరుకు డబ్బే లేదు. బ్లేడు మాత్రం పన్నెండేళ్ల వాడికి అమ్ముతారు. తుపాకీకి కొత్త తొడుగు, వేషానికి కొత్త బట్టలు, లోపల ఏముందో తెలియకుండా డబ్బు కట్టి తెరిచే పెట్టె. ఆ పెట్టెలను బెల్జియం 2018లోనే జూదం కింద లెక్కగట్టింది. ఫ్రీ ఫైర్ ఆటలో కొన్ని తొడుగులు తుపాకీ దెబ్బ బలాన్ని కూడా పెంచేవి. అంటే డబ్బు కట్టిన పిల్లవాడి గుండు కట్టనివాడి గుండు కంటే గట్టిగా తగులుతుంది. నేను హింసాత్మక ఆటలనే ప్రత్యేకంగా పట్టుకోవడానికి కారణం ఇదే. అక్కడ ఓడిపోవడమంటే చచ్చిపోవడం. స్నేహితుల ముందు పదిసార్లు చచ్చిన పిల్లవాడికి పదకొండోసారి ఆయుధం చూపించి ధర చెబితే వాడు ఆగగలడా?

ఆ ధర కూడా రూపాయల్లో ఉండదు. ఎనభై రూపాయలకు వంద వజ్రాలు. ఎనభై రూపాయలంటే ఎంతో పిల్లవాడికి తెలుసు, కొన్ని ప్లేట్ల గుప్‌చుప్. వంద వజ్రాలంటే ఎంతో వాడికి తెలియదు. జూదశాలల్లో నోట్లు తీసుకుని ప్లాస్టిక్ బిళ్లలు చేతిలో పెట్టేది కూడా అందుకే. చేతిలో డబ్బు కనబడకపోతే ఖర్చు నొప్పి తెలియదు.

ఇదంతా ఎక్కడో జరిగేది కాదు. 2021లో మన రాష్ట్రంలోనే, కాంకేర్ జిల్లా పఖాంజూర్‌లో ఒక ఉపాధ్యాయురాలి ఖాతా నుంచి మూడు నెలల్లో మూడు లక్షల రూపాయల పైన పోయాయి. సైబర్ మోసమనుకుని ఆవిడ పోలీసుల దగ్గరకు వెళ్లారు. విచారిస్తే తేలిందేమిటంటే, పన్నెండేళ్ల కొడుకు ఆటలో ఆయుధాల కోసం 278 సార్లు చెల్లించాడు. మరుసటి ఏడాది జూన్‌లో హైదరాబాద్ అంబర్‌పేటలో పదహారేళ్ల కుర్రాడు తాతగారి ఫోన్లో ఆట మొదలుపెట్టి, తల్లి ఖాతాల్లోని 36 లక్షలు ఖర్చు చేశాడు. అది ఇంటి పెద్ద పోయాక ఆ కుటుంబానికి మిగిలిన డబ్బని వార్తల్లో వచ్చింది. డబ్బు తీయడానికి బ్యాంకుకు వెళ్లేదాకా ఆ తల్లికి సంగతే తెలియదు.

నాకు ఈ వార్తల కంటే ఎక్కువగా గుర్తుండిపోయింది నా టేబుల్ ముందు కూర్చున్న ఒక పెద్దాయన. స్టీల్ ప్లాంట్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి, పలాస వైపు వారు. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని నేరుగా నా దగ్గరకు వచ్చారు. "ఏటి బాబూ ఇది, నానేటీ కొన్నేదు" అంటూ పుస్తకం నా ముందు పరిచారు. ఎనభై, ఎనభై, రెండు వందల యాభై, ఎనభై, నాలుగు వందలు. రెండు పేజీల నిండా అవే. ఎదురుగా ఉన్నది ఒక యాప్ దుకాణం పేరే తప్ప ఆట పేరు ఎక్కడా లేదు. ఆయన వేలు ఒక్కో వరుస మీద పెట్టి, "ఇదీ నాను కాదు, ఇదీ నాను కాదు" అంటూ కిందికి వస్తున్నారు.

"బాబాయ్ గారూ, ఇంట్లో పిల్లలెవరైనా మీ ఫోన్ పట్టుకుంటారా?" అన్నాను.

ఆయన వేలు ఆగిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పుస్తకం మూసి, "మోసమని రాసుకోకండి బాబూ. మనవడు" అన్నారు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "వాళ్ల నాన్నకి తెలీనీకండి, కొట్టేస్తాడు" అని చెప్పి మరీ వెళ్లారు. మొత్తం కూడితే పంతొమ్మిది వేల చిల్లర. ఆయన అడిగింది డబ్బు గురించి కాదు.

ఈ సెక్టర్లలో మూడో తరం తెలుగు పిల్లలు పెరుగుతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కొలిమి పనికి వచ్చిన తాతల పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు మన శాఖల్లో ఉంది. ఆ ఖాతాకు తగిలించిన ఫోన్ మనవడి చేతిలో ఉంది. రెండింటికీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక ఓటీపీ. కరెంటు బిల్లు కట్టడానికి తాత ఆ పిన్ను మనవడికి ఎప్పుడో చెప్పి ఉంటాడు. చట్టం ప్రకారం ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. రిజర్వు బ్యాంకు 2017 జులై నిబంధనల ప్రకారం పిన్ను, ఓటీపీ లాంటివి ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల ఇతరులకు చేరితే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు ఖాతాదారుదే. మనం చెప్పగలిగేది కూడా అంతే. ఆ మాట చెప్పేటప్పుడు అవతలి మనిషి మొహం చూడటం ఎంత కష్టమో కౌంటర్లో కూర్చున్నవాళ్లకు తెలుసు.

మరి నిషేధాలు రాలేదా అంటే, వచ్చాయి. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడుతున్న పదిమంది కుర్రాళ్లను పట్టుకున్నారు. వాళ్లలో కాలేజీ విద్యార్థులు ఉన్నారు. ఆట తయారుచేసినవాడు హాయిగా ఉన్నాడు, టీ కొట్టు దగ్గర ఆడుకుంటున్నవాడు స్టేషన్‌కు వెళ్లాడు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ సహా 118 యాప్‌లను ఆపేసింది. కారణం దేశ భద్రత, పౌరుల సమాచారం. పిల్లల మాట అందులో లేదు. అందుకే 2021 జులైలో అదే ఆట పేరు మార్చుకుని, నెత్తురు రంగు ఆకుపచ్చ చేసుకుని తిరిగి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఆపారు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. ఇక్కడున్న పిల్లలు నవ్వుతున్నారంటే వాళ్లకు నాకంటే బాగా తెలుసన్నమాట.

తిరిగి వచ్చిన ఆ ఆటలో మైనర్లకు రోజువారీ ఖర్చు పరిమితి పెట్టారు. ఎంతో తెలుసా? 2021లో విడుదలైనప్పుడు రోజుకు ఏడు వేల రూపాయలు. నెలకు రెండు లక్షల పదివేలు. ఈ హాల్లో నెలకు అంత జీతం తీసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను. అది మైనరు పరిమితి!

మన దగ్గర పదేళ్లు దాటిన పిల్లవాడు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరవవచ్చు. పుట్టిన తేదీ రుజువు తీసుకుంటాం, బ్యాంకు పరిమితి పెడుతుంది, ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వం. వాడి సొంత డబ్బు వాడికివ్వడానికే ఇన్ని జాగ్రత్తలు. అదే పిల్లవాడు తాత డబ్బుతో తుపాకీ కొనడానికి "నాకు 18 ఏళ్లు" అని రాసి ఉన్నచోట ఒక్కసారి నొక్కితే చాలు.

జేఏఐఐబీకి చదివిన ప్రతివాళ్లకూ మోహరీ బీబీ కేసు గుర్తుండాలి. కలకత్తాలో ఒక మైనరు ఇల్లు తాకట్టు పెట్టి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్నాడు. 1903లో ప్రీవీ కౌన్సిల్, మైనరుతో ఒప్పందం మొదటి నుంచీ చెల్లదంది. ఇచ్చిన డబ్బు కూడా వ్యాపారికి తిరిగి ఇప్పించలేదు. మైనరుతో వ్యాపారం చేసిన పెద్దవాడే నష్టం భరించాలన్నది నూట ఇరవై ఏళ్లుగా మనం పాటిస్తున్న సూత్రం. ఆటల కంపెనీల విషయంలో ఆ సూత్రం తలకిందులైంది.

అలాగని పార్లమెంటు ఇలాంటి విషయం ఎప్పుడూ ఆలోచించలేదనుకోకండి. విదేశాల నుంచి భయానక కామిక్ పుస్తకాలు వస్తున్న రోజుల్లో, 1956లో ఒక చట్టం చేశారు. నేరాలు, హింస, క్రూరత్వం నిండిన కథల పుస్తకాలను ఇరవై ఏళ్లలోపు వాళ్లకు అమ్మితే ఆరు నెలల వరకు జైలు. శిక్ష ఎవరికో చూడండి. చదివిన పిల్లవాడికి కాదు, అమ్మినవాడికి. సినిమాకు సర్టిఫికెట్ ఉంది, 2021 నుంచి ఓటీటీకి వయసు వర్గాలు వచ్చాయి. వీడియో గేమ్‌కు మాత్రం అలాంటి చట్టబద్ధమైన ముద్ర లేదు. యాప్ దుకాణంలో మనకు కనబడే వయసు అంకె, తయారీదారు ఒక ప్రశ్నాపత్రం నింపితే వచ్చేది.

డబ్బు దగ్గర తలుపు వేయవచ్చని కూడా మనకు తెలుసు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. డబ్బు పందెం కాసే ఆటలను అది నిషేధించింది. ఒక బెట్టింగ్ యాప్ కేసుతో మన భిలాయ్ పేరు దేశమంతా పత్రికలకెక్కింది కాబట్టి ఆ చట్టం అవసరం గురించి ఇక్కడ నేను వేరే చెప్పనక్కర్లేదు. అందులో మనం గమనించవలసిన నిబంధన ఒకటుంది. అలాంటి ఆటలకు వెళ్లే చెల్లింపులను ఏ బ్యాంకూ, ఏ చెల్లింపుల సంస్థా జరగనివ్వకూడదు. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు. నేను పిల్లల విషయంలో అడుగుతున్నది సరిగ్గా ఇదే నమూనా. తొడుగులు, పెట్టెలు కొనడం పందెం కాదు కాబట్టి ఆ చట్టం కిందికి రాదు. హింసాత్మకమని ముద్ర పడ్డ ఆటలో, వయసు రుజువు లేని ఖాతాకు ఏదీ అమ్మకూడదని ఇంకో నిబంధన తెస్తే సరిపోతుంది. అమ్మితే, అడిగిన వెంటనే తిరిగి ఇవ్వాలి, జరిమానా కట్టాలి. పిల్లవాడు ఉచితంగా ఆడుకుంటే ఆడుకోనివ్వండి. డబ్బు రాదని తెలిస్తే వాణ్ణి పదే పదే ఊరించడానికి కంపెనీకి కారణం ఉండదు.

బ్యాంకులు చేయగలిగిందీ ఒకటుంది. బ్రిటన్‌లో కొన్ని బ్యాంకులు 2018 నుంచి, జూదం చెల్లింపులకు ఖాతాదారు తానే తాళం వేసుకునే మీటను యాప్‌లో పెట్టాయి. కార్డు చెల్లింపుల్లో ఆటల వ్యాపారులకు వేరే కోడ్ ఎలాగూ ఉంది. మన యాప్‌లో అలాంటి మీట ఎందుకు ఉండకూడదని సలహాల పోర్టల్‌లో రాశాను. మీరూ రాయండి. ఒకరు రాస్తే ఫైలు, వందమంది రాస్తే పని.

"ఇదంతా ఎందుకండీ, తల్లిదండ్రులు చూసుకోవాలి కదా" అంటారు కొందరు. నిజమే, చూసుకోవాలి. కానీ తండ్రి నైట్ షిఫ్టులో ఉంటాడు, తల్లి ఉద్యోగంలో ఉంటుంది, ఇంట్లో తాతకు కళ్లు సరిగా కనబడవు. చదువుకున్న టీచరమ్మే మోసమని పోలీసుల దగ్గరకు వెళ్లిందంటే, అవతలి ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో ఆలోచించండి. ఒక ఇంటి జాగ్రత్త దానితో పోటీ పడలేదు.

ఇంకొందరు రిసాలి పిల్లల్ని గుర్తు చేసి అసలు ఆటలన్నీ ఆపాలంటారు. 2024 డిసెంబరులో పద్నాలుగేళ్ల పిల్లలిద్దరు రైలు పట్టాల మీద కూర్చుని ఫోన్లో ఆడుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తల్లుల ముందు ఏ వాదనా నిలబడదు. అయినా అది ఫోన్లో మునిగిపోవడం వల్ల వచ్చిన ప్రమాదం. క్రికెట్ ఆట అయినా, పాట వింటున్నా అలాగే జరిగేది. దానికి నేను చెప్పే నిషేధం మందు కాదు. మందు కాదని చెప్పకుండా దీన్నే దానికీ అమ్మితే నేనూ ఆ కంపెనీల వరసలోకే వస్తాను.

చట్టం వచ్చేలోపు ఇంట్లో చేసుకోగలిగినవి చెప్తాను. పిల్లల చేతికిచ్చే ఫోన్లో జీతం ఖాతా గానీ, పెన్షన్ ఖాతా గానీ ఉండకూడదు. తప్పదనుకుంటే రెండు మూడు వేలు మాత్రమే ఉంచే వేరే ఖాతా తగిలించండి. యాప్ దుకాణంలో కార్డు దాచి ఉంటే తీసేయండి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. కార్డు ఆన్‌లైన్ వాడకాన్ని మన యాప్‌లోనే ఆపవచ్చు, పరిమితి తగ్గించవచ్చు. ఎస్సెమ్మెస్ వచ్చే నంబరు తాత దగ్గర కాకుండా రోజూ చూసేవాళ్ల దగ్గర ఉండాలి. యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ను అడగదని మర్చిపోవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పండి. మోసమనిపిస్తే 1930కి ఫోన్ చేయండి. పిల్లవాడే కొన్నాడని తేలితే యాప్ దుకాణానికి వెంటనే రాయండి. మైనరు చేసిన కొనుగోలు అని స్పష్టంగా రాయాలి.

మరొక్క మాట, ఇది పాస్‌బుక్ కంటే ముఖ్యం. 2019 ఏప్రిల్‌లో హైదరాబాద్ మల్కాజ్‌గిరిలో పదో తరగతి పిల్లవాడు, ఆట మానేసి చదువుకోమని తల్లి మందలించాక ప్రాణం తీసుకున్నాడు. ఏ తల్లి మందలించదు? ఆ తల్లి తప్పు చేసిందని నేను అనడం లేదు. కానీ డబ్బు పోయిన సంగతి బయటపడిన రోజు పిల్లవాడు ఎంత భయంలో ఉంటాడో మన కోపానికి తెలియదు. వందసార్లు దాచినవాడు వంద రాత్రులు నిద్రపోకుండా ఉండి ఉంటాడు. ఆ రోజు వాణ్ణి ఒంటరిగా వదలకండి. మాట్లాడటం మీవల్ల కాకపోతే టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఆ పెద్దాయన రెండు వారాల తర్వాత మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. ఫోన్లోంచి ఆ ఖాతా తీయించుకున్నారు, మనవడి పేర సేవింగ్స్ ఖాతా తెరిపించారు. ఫారం ఆ పిల్లవాడే నింపాడు. సంతకం దగ్గర తాతనడిగి, హిందీలో చేయాలా తెలుగులో చేయాలా అని తేల్చుకోలేక కాసేపు ఆగాడు. యాప్ దుకాణానికి రాయాల్సిన అభ్యర్థన కూడా ఆ రోజే ముగ్గురం కూర్చుని రాశాం. నాలుగు వేల చిల్లర వెనక్కి వచ్చింది, మిగతాది రాలేదు.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు అయిపోయాయి. ఇక ప్రశ్నలు అడగవచ్చు. ముందు వరుస పిల్లలు మొదట అడగండి, పెద్దవాళ్లు తర్వాత.